మా ఊరి చెత్త కేంద్రానికి అండగా నిలిచిన వారికి కృతజ్ఞతలు

కోనసీమలోని మా ఊరి 'చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం' నిన్నటి నుంచి కొత్త రూపంలో పని మొదలుపెట్టింది. ఒంటి అలసట ఇంకా తీరలేదు. అయినా ఆలస్యం చేస్తే కొందరి మేలు మరుగున పడిపోతుందన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను.

పల్లంలో కట్టిన పాత షెడ్డులో వానాకాలమంతా నీరు నిలిచేది. తడి చెత్తను ఎరువుగా మార్చే తొట్లు ఊరి చెత్తలో సగానికి కూడా చాలక, మిగిలినదంతా పంట కాలువ గట్టుకే చేరేది. పెరుగుతున్న ఇళ్లను దృష్టిలో పెట్టుకొని, రాబోయే 20 ఏళ్లకు సరిపడేలా నేలను మెరక చేయించి, తొట్లను పెంచి, పొడి చెత్తను వేరుచేసేందుకు ఎత్తైన అరుగునూ, అట్టలూ సీసాలూ నొక్కి కట్టలు కట్టే యంత్రాన్నీ ఏర్పాటు చేసుకున్నాము.

అంతా సిద్ధమైందనుకున్న తరుణంలో కొత్త తొట్లలో వదిలిన వానపాములు వరుసగా చనిపోసాగాయి. కారణం చెప్పేవారు లేరు. అప్పుడు పక్క మండలంలోని ఒక కేంద్రంలో పారిశుద్ధ్య పని చేసే ఒక తల్లి, ఎవరి ద్వారానో విని, తన సెలవు రోజున బస్సెక్కి వచ్చారు. మాలో ఎవరికీ ఆమె ముఖపరిచయం కూడా లేదు. వచ్చీ రాగానే తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, "పేడ ఇంకా కాకగా ఉందండి, ఇందులో ఎర్రలు ఎలా బతుకుతాయి?" అన్నారు. పచ్చిపేడనూ తడి చెత్తనూ కలిపి, పదిహేను ఇరవై రోజులు తడుపుతూ తిరగేసి, వేడి పూర్తిగా చల్లారాకే వానపాములను వదలాలని, పైన తడి గోనె పట్టా కప్పాలని మా పనివారికి దగ్గరుండి చేసి చూపించారు. తరువాతి నెలలో, తమ పంచాయతీ వారి అనుమతితో, తడి గోనెసంచిలో వానపాములను ఒళ్లో పెట్టుకొని మళ్లీ వచ్చారు.

బస్సు ఛార్జీ ఇవ్వబోతే తీసుకోలేదు. "ఈ పిల్లలకు చేతులు కడుక్కోవడానికి కొళాయి లేదండి, ముందు అది పెట్టించండి" అని మా పనివారిని చూపించి మాత్రం అడిగారు. అంత మంది పెద్దలం కూర్చుని వేసుకున్న పథకంలో ఆ కొళాయి ఊసే లేదు. ఆ మాటకు నాకు కన్నీళ్లు ఆగలేదు. కొళాయి, చేతి తొడుగులు, సబ్బు అన్నీ ఇప్పుడు ఉన్నాయి. పేరు రాయవద్దని ఆమె కోరారు కనుక రాయడం లేదు. అమ్మా, మీ రుణం మా ఊరు తీర్చుకోలేనిది.

ఒక్క బాధ చెప్పక తప్పదు. స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో అయిదు వేల జనాభా దాటిన ఊరికి ఘన వ్యర్థాల నిర్వహణ కోసం తలకు 45 రూపాయల వరకు కేటాయించారు. అది కట్టడాలకూ సామగ్రికీ ఒకసారి వచ్చే సొమ్ము. రోజూ చెత్త ఎత్తే మనుషుల జీతం మాటేమిటి? ఇంటి దగ్గరే చెత్త వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. ఆ వేరు చేసిన చెత్తను మోసుకొచ్చే మా గ్రీన్ అంబాసిడర్లకు నెలల తరబడి వేతనం అందలేదు. విద్యుత్ కనెక్షన్ కాగితం ఒక బల్ల మీద నుంచి మరో బల్ల మీదికి తిరుగుతూనే గడిచింది. షెడ్డు ఎంత పెద్దదైనా, అందులో పనిచేసే వారికి కడుపు నిండకపోతే అది నాలుగేళ్లు కూడా నిలవదు.

మా శ్రీమతి, తమ్ముడు ఎప్పటిలాగే వెంట ఉన్నారు. సర్పంచి గారికి, పంచాయతీ కార్యదర్శి గారికి, డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లకు నమస్కారాలు.

మరిచిపోయాను: మెరకకు మట్టి తోలిన ట్రాక్టరు డ్రైవర్లకు, ఇంటింటికీ తిరిగి తడి పొడి బుట్టల గురించి చెప్పిన హైస్కూలు పిల్లలకు కూడా కృతజ్ఞతలు. కరెంటు రాకముందు వెల్డింగ్ పనికి తన ఇంటి జనరేటరు ఇచ్చిన షెడ్డు పక్కింటి పెద్దాయనకు, డీజిలు డబ్బులు కూడా తీసుకోనందుకు, ప్రత్యేకంగా.