మా దగ్గర కళ్లజోళ్లు చేయించుకునే వారికి: ఈ ఆలస్యం ఎందుకంటే

కొంతకాలంగా మా దుకాణంలో కళ్లజోడు చేతికి అందడానికి మేము చెప్పిన గడువుకన్నా ఎక్కువ రోజులు పడుతోంది. మీలో కొందరు ఒకటికి రెండుసార్లు వచ్చి వట్టి చేతులతో తిరిగి వెళ్లవలసి వచ్చింది. వ్యాపారం సన్నగిల్లిందనీ, పనివాళ్లు మానేశారనీ బయట అనుకుంటున్న మాటలు నా చెవిన కూడా పడ్డాయి. అవి నిజం కావు. ఇన్నేళ్లుగా మమ్మల్ని నమ్మి వస్తున్న మీకు అసలు సంగతి మా నోటినుంచే తెలియాలి కనుక ఇది రాస్తున్నాను.

అద్దాలను తయారు చేసి, ఫ్రేముకు తగినట్లు అరగదీసి, బిగించి మాకు పంపే ల్యాబ్ పని చెడింది. ఆ ల్యాబ్ చేతులు మారిన తరువాత అక్కడినుంచి వస్తున్న జోళ్లలో పవర్ అంకెలు సరిగానే ఉంటున్నాయి గాని, సిలిండర్ యాక్సిస్ (కంటి వంపులోని తేడాను సరిచేసే పవర్ అద్దంలో కూర్చోవలసిన కోణం) కొన్ని డిగ్రీలు పక్కకు పోతోంది, లేదా అద్దం కేంద్రం కంటిపాపకు ఎదురుగా పడవలసిన చోట పడటం లేదు. అద్దాన్ని కొలిచే లెన్సోమీటర్ అనే పరికరం మీద పెట్టి చూడనిదే మేము ఏ జోడునూ బయటకు ఇవ్వము కనుక ఆ తేడాలు మా బల్ల మీదే బయటపడ్డాయి, బయటపడిన ప్రతి జోడునూ తిప్పి పంపాము. మీరు ఎదురుచూసిన రోజులన్నీ అలా తిప్పి పంపడంలో పోయినవే.

తిప్పి పంపినప్పుడల్లా అటునుంచి వచ్చిన జవాబు ఒక్కటే: తేడా చాలా చిన్నది, పెట్టుకుంటే రెండు వారాల్లో అలవాటైపోతుంది, ఇవ్వండి. చివరికి ఒకనాడు, మీ దగ్గరకు వచ్చేవాళ్లు మరీ సున్నితం, లేని తలనొప్పిని ఊహించుకుంటారు అని కూడా అన్నారు. నా పనిని తప్పుపడితే సర్దుకునేవాడినేమో గాని, మీ నొప్పిని అబద్ధమన్న ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. ఆ చిన్న తేడా ఎందుకు చిన్నది కాదో మీకు వివరంగా చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

చూపులో పెద్ద దోషం ఉన్నవారికే తలనొప్పి ఎక్కువగా వస్తుందని చాలామంది అనుకుంటారు, కాని మా అనుభవంలోనూ కంటి వైద్యుల మాటలోనూ తరచుగా దానికి వ్యతిరేకమే నిజం. బాగా మైనస్ పవర్ ఉన్న కన్ను దూరపు వస్తువును స్పష్టం చేసుకోవడానికి తనంతట తాను చేయగలిగింది ఏమీ లేదు, కనుక మసకను మసకగానే చూసి ఊరుకుంటుంది. కదలని బండను ఎవరూ తోయరు, కాస్త కదిలే బండనే పొద్దంతా తోస్తూ ఉంటారు. స్వల్పంగా ప్లస్ పవర్ ఉన్నవారు, కొద్దిపాటి సిలిండర్ ఉన్నవారు, రెండు కళ్ల పవర్‌లో తేడా ఉన్నవారు ఆ కదిలే బండను తోసేవారి కోవలోకి వస్తారు. వారికి అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి, దృష్టి పరీక్షలో చివరి వరుస కూడా చదివేస్తారు, అందువల్ల తమ కళ్లకు ఏ లోపమూ లేదనే అనుకుంటారు.

లోపల జరిగేది వేరు. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంటిలోని సిలియరీ కండరం బిగుసుకుని కటకాన్ని మరింత ఉబ్బెత్తుగా చేస్తుంది. 33 సెంటీమీటర్ల దూరంలో పుస్తకం పట్టుకుంటే దోషం లేని కన్ను సుమారు 3 డయాప్టర్ల (అద్దం పవర్‌ను కొలిచే ప్రమాణం) శ్రమ పడాలి. అదే కంటికి 2 డయాప్టర్ల ప్లస్ లోపం ఉండి అద్దం లేకపోతే ఆ శ్రమ 5 డయాప్టర్లు అవుతుంది, పైగా దూరం చూసేటప్పుడు కూడా ఆ కండరానికి విశ్రాంతి దొరకదు. చిన్న వయసులో ఈ శక్తి పుష్కలంగా ఉంటుంది కనుక పిల్లలు తెలియకుండానే నెట్టుకొస్తారు. వయసు పెరిగే కొద్దీ అది తరుగుతూ వచ్చి, నలభై దాటేసరికి చత్వారంగా బయటపడుతుంది. ప్లస్ లోపం ఉన్నవారికి ఆ ఇబ్బంది అంతకన్నా ముందే, సాయంత్రం పూట నుదుటి మీద, కనుబొమల చుట్టూ పట్టేసినట్లుండే నొప్పిగా మొదలవుతుంది.

సిలిండర్ సంగతి ఇంకా సూక్ష్మమైనది. కంటి ముందుభాగం వంపు అన్ని దిశల్లో ఒకేలా లేనప్పుడు వచ్చే ఈ దోషాన్ని సరిచేసే అద్దాన్ని 1825లో ఇంగ్లండుకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ తన కంటి కోసమే లెక్కగట్టి చేయించుకున్నాడు. ఆ అద్దం ఏ కోణంలో కూర్చుంటుందన్నది దాని పవర్ ఎంతన్నదానికి ఏమాత్రం తక్కువ కాదు. 1 డయాప్టర్ సిలిండర్ 10 డిగ్రీలు పక్కకు తిరిగితే దాదాపు 0.35 డయాప్టర్ల దోషం మిగిలిపోతుంది, అదీ కొత్త దిశలో. 30 డిగ్రీలు తిరిగితే అద్దం లేనప్పుడు ఎంత దోషం ఉందో, పెట్టుకున్న తరువాత కూడా అంతే ఉంటుంది. ఆ మిగిలిన దోషాన్ని కప్పిపుచ్చుకోవడానికి మనిషి కళ్లు చికిలిస్తాడు, నుదురు ముడుస్తాడు, తల ఒక పక్కకు వంచుతాడు. గంటల తరబడి అలా చేస్తే నొప్పి రాకుండా ఎలా ఉంటుంది?

కేంద్రం తప్పడం మూడో సంగతి, ల్యాబ్‌తో నా వాదన ఎక్కువగా నడిచింది దీని మీదనే. చూపు అద్దం కేంద్రం గుండా పోకుండా పక్కనుంచి పోతే ఆ అద్దం ప్రిజంలాగా, అంటే వెలుతురును పక్కకు వంచే గాజు ముక్కలాగా కూడా పనిచేస్తుంది. ఎంత అనేది, కేంద్రం తప్పిన దూరాన్ని సెంటీమీటర్లలో తీసుకుని పవర్‌తో గుణించే ప్రెంటిస్ సూత్రంతో తేలికగా లెక్క కట్టవచ్చు: 4 డయాప్టర్ల అద్దంలో కేంద్రం 3 మిల్లీమీటర్లు తప్పితే ఆ కంటికి 1.2 ప్రిజం డయాప్టర్ల ప్రభావం పడుతుంది. బొమ్మ పక్కకు జరిగినందువల్ల, అది రెండుగా కనిపించకుండా ఉండటానికి కంటిని తిప్పే కండరాలు రోజంతా దాన్ని సరిదిద్దుతూ ఉండాలి. అడ్డంగా జరిగిన తేడాను కళ్లు కొంతవరకు ఓర్చుకుంటాయి, కాని ఒక కంటి అద్దం కేంద్రం పైకీ మరొకటి కిందికీ ఉంటే మాత్రం ఆ ఓర్పు చాలా స్వల్పం. కొన్ని జోళ్లలో మేము చూసినది సరిగ్గా ఆ ఎత్తు తేడానే. కొత్త అద్దాలకు అలవాటు పడటానికి కొద్ది రోజులు పడుతుందన్న మాట నిజమే, సరిగ్గా చేసిన జోడు విషయంలో నేను కూడా అదే చెబుతాను. తప్పుగా బిగించినదానికి అలవాటు పడమని చెప్పడం మాత్రం నా వల్ల కాదు.

ఆ ల్యాబ్‌తో సంబంధం తెంచుకోవడం నాకు తేలికగా జరగలేదని కూడా చెప్పాలి. నేను దుకాణం తెరిచిన కొత్తలో, చేతిలో డబ్బు లేనప్పుడు, అరువు మీద అద్దాలిచ్చి నన్ను నిలబెట్టింది ఆ ల్యాబ్ పాత యజమానే. ఆయన పేరు మీద ఉన్న గౌరవంతోనే ఇంతకాలం ఓపిక పట్టాను. నా ముందు మూడు దారులు కనిపించాయి. వచ్చిన జోడును వచ్చినట్లే ఇచ్చేసి, ఎవరైనా నొప్పి అంటూ వస్తే అప్పుడు మార్చి ఇవ్వడం మొదటిది. వ్యాపారం తెలిసిన మిత్రులు చాలామంది నాకు ఇచ్చిన సలహా అదే. తిప్పి పంపుతూ, మిమ్మల్ని తిప్పుకుంటూ ఇలాగే నెట్టుకురావడం రెండోది. దూరంగా ఉన్న, ఎక్కువ సమయం తీసుకునే మరో ల్యాబ్‌కు మారడం మూడోది. మొదటి దారిలో నాకు కనిపించిన చిక్కు ఏమిటంటే, నొప్పి వచ్చిన వారందరూ తిరిగి రారు. కొందరు ఆ జోడును సొరుగులో పెట్టి, తమ కళ్లకు అద్దాలు పడవని తీర్మానించుకుని, నొప్పి మాత్రలతో కాలం గడుపుతారు. అటువంటి మనుషులను నేను చూశాను, అందుకే ఆ సలహాను తలకెత్తుకోలేకపోయాను. మూడో దారే పట్టాను. ఇప్పుడున్నట్లే ఇచ్చేయండి, నేను సర్దుకుంటాను అని అభిమానంతో అడిగిన పాత పరిచయస్థులకు కూడా కాదన్నాను, అందుకు కొందరు నొచ్చుకున్నారు. మళ్లీ అడిగినా నా జవాబు అదే.

ఇందులో మరో పక్క కూడా ఉంది, దాన్ని దాచితే నేను చెప్పినదంతా అద్దాలు అమ్ముకోవడానికి చెప్పినట్లవుతుంది. తలనొప్పులన్నీ కళ్లవల్ల రావు, ఎక్కువ భాగం రావు. అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2018లో ప్రకటించిన మూడవ వర్గీకరణలో చూపు దోషం వల్ల వచ్చే తలనొప్పికి విడిగా స్థానం ఉంది, కాని దాన్ని గుర్తించడానికి పెట్టిన షరతులు గట్టివి: దోషం ఉన్న దూరంలోనో కోణంలోనో ఎక్కువసేపు చూసినప్పుడు నొప్పి పెరగాలి, ఆ పని ఆపితే తగ్గాలి, దోషాన్ని సరిచేసిన తరువాత స్పష్టంగా మెరుగుపడాలి, ఇటువంటి వాటిలో కనీసం రెండైనా ఉండాలి. పొద్దున లేస్తూనే ఉండే నొప్పి, తలకు ఒకే పక్క అదిరినట్లు వచ్చి వికారంతో, వెలుతురు భరించలేనితనంతో గంటల తరబడి సాగే నొప్పి ఈ కోవలోకి రావడం అరుదు. రెండోది చాలావరకు మైగ్రేన్, దానికి వైద్యం వేరే ఉంది. అందుకే ఇకమీదట తలనొప్పి అని వచ్చినవారిని నొప్పి ఎప్పుడు, ఎక్కడ, ఏ పని తరువాత వస్తుందో ముందుగా అడుగుతాము, అవసరమైతే అద్దాలు రాయకుండా వైద్యుని దగ్గరకు పంపుతాము.

కొన్ని లక్షణాలు ఉంటే మా దగ్గరకు రానే రావద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. కన్ను ఎర్రబడి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తూ, వాంతులతో తీవ్రమైన నొప్పి వస్తే అది కంటిలో ఒత్తిడి హఠాత్తుగా పెరిగిన గ్లకోమా కావచ్చు, అందులో గంటలు కూడా విలువైనవే. యాభై దాటినవారికి కొత్తగా తలనొప్పి మొదలై, తల దువ్వుకుంటే నొప్పి పుట్టడం, నమిలేటప్పుడు దవడ లాగడం ఉంటే ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే రక్తనాళాల వాపు వల్ల వచ్చే ఆ జబ్బు చూపును తీసేయగలదు. ఉన్నట్టుండి పిడుగుపడినట్లు వచ్చిన నొప్పి, ఒక్కసారిగా వస్తువులు రెండుగా కనిపించడం, జ్వరంతో మెడ పట్టేయడం కూడా ఇటువంటివే.

పిల్లల విషయంలో ఒక మాట. కంప్యూటర్ పరీక్షలో కూర్చున్నప్పుడు పిల్లల కన్ను దగ్గరికి చూస్తున్నట్లు బిగుసుకోవడం వల్ల యంత్రం ఉన్నదానికన్నా ఎక్కువ మైనస్ చూపించవచ్చు. ఆ అంకెను నమ్మి అద్దం ఇస్తే ఆ అద్దమే తలనొప్పి తెస్తుంది. అందువల్ల తలనొప్పి అంటున్న పిల్లలకు కంటి వైద్యుని దగ్గర ఆ బిగుతును సడలించే చుక్కలు వేసి చేసిన పరీక్ష కాగితం తెస్తేనే అద్దాలు చేస్తాము.

నీలి కాంతిని ఆపే అద్దాలను తలనొప్పికి మందుగా మేము అమ్మము. 17 పరీక్షలను కలిపి చూసిన, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2023 నాటి సమీక్ష, తెర ముందు పనిచేసేవారిలో మామూలు అద్దాలతో పోలిస్తే అవి తక్కువ కాలంలో కంటి శ్రమను తగ్గించకపోవచ్చునని తేల్చింది. తెర చూస్తున్నప్పుడు రెప్పలు కొట్టడం సగానికి, ఒక్కోసారి అంతకన్నా తక్కువకు పడిపోతుంది, కళ్లు పొడిబారి మంట పుట్టేది ముఖ్యంగా దానివల్ల. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలోని దేనినైనా 20 సెకన్లు చూడటం ఖర్చు లేని పని. ప్రోగ్రెసివ్ అద్దాలు (పైన దూరానికి, కింద దగ్గరికి పవర్ మారుతూ ఉండేవి) వాడేవారు కంప్యూటర్ ముందు గడ్డం పైకెత్తి చూస్తున్నట్లయితే, మెడనుంచి పాకే నొప్పికి కారణం అదే కావచ్చు. ఆ దూరానికి విడిగా ఒక జోడు ఉండటం మేలు.

ఇక ఏర్పాట్ల సంగతి. సిలిండర్ ఉన్నవాటికి, ప్రోగ్రెసివ్ వాటికి కొత్త ల్యాబ్‌లో వారం పైన పడుతుంది, అంతకన్నా త్వరగా ఇస్తానని మాట ఇవ్వను. చదువుకోవడానికి వాడే మామూలు ప్లస్ అద్దాలు మునుపటిలాగే అందుతాయి. ధర పెంచడం లేదు. ప్రతి జోడుకూ పవర్, యాక్సిస్, కేంద్రాల దూరం, ఎత్తు రాసిన చీటీ ఇస్తాము, దాన్ని మీరు ఎక్కడైనా పరీక్ష చేయించుకోవచ్చు. ఇటీవల మా దగ్గర తీసుకున్న జోడుతో తలనొప్పి వస్తోందనిపిస్తే పాత జోడును కూడా వెంట తెచ్చి రెండింటినీ పోల్చి చూపించుకోండి, అందుకు రుసుము లేదు. ఆర్డర్ ఇచ్చి ఇంకా ఎదురుచూస్తున్నవారిలో ఆగలేమనుకున్నవారు ముందుగా కట్టిన డబ్బు మొత్తాన్నీ ఫ్రేముతో సహా తీసుకువెళ్లవచ్చు, మీ పరీక్ష అంకెలను కూడా కాగితం మీద రాసి ఇస్తాము.