నేరం నెత్తుటిలో ఉండదు: హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

రాష్ట్రంలో ఎక్కడ దొంగతనం జరిగినా, పట్టుబడిన వాళ్లలో ఒక్కడిది బాపట్ల పక్కన ఉన్న స్టువర్టుపురం అయితే చాలు, మర్నాడు పేపర్లో 'స్టువర్టుపురం ముఠా' అని వస్తుంది. గుంటూరు దొంగకు, విజయవాడ దొంగకు ఊరి పేరు ఇలా ఇంటిపేరు అయిపోదు. ఆ హెడ్డింగు వెనక ఒక పాత నమ్మకం ఉంది. దౌర్జన్యం, నేరం పుట్టుకతో వస్తాయని, కొన్ని కులాల రక్తంలోనే ఉంటాయని. ఒకప్పుడు ఈ దేశంలో దాన్ని చట్టంగానే రాసిపెట్టారు. మీ శాఖ రికార్డుల్లో దాని ఛాయలు ఇంకా పోలేదు కాబట్టే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చినప్పుడు చెప్పిన వాదన ఇది: ఈ దేశంలో వృత్తి కులంతో వస్తుంది, నేతగాడి కొడుకు నేతగాడు అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడు. చీరాలలో పుట్టి పెరిగిన నాకు ఈ పోలికలోనే తప్పు కనిపిస్తుంది. మా దగ్గర నేతగాడి కొడుకు మగ్గం పనిని కడుపులోంచి తెచ్చుకోడు. ముందు కండెలు చుడతాడు, పోగు తెగితే అతకడం నేర్చుకుంటాడు, కాళ్లు అందే వయసు వచ్చాక తండ్రి పక్కన మగ్గం గుంటలో కూర్చుంటాడు. అదే పిల్లవాణ్ని ఐదో ఏట హాస్టల్లో వేస్తే మగ్గం ముఖం కూడా తెలియకుండా ఇంజనీరు అవుతాడు. ఇప్పుడు అవుతున్నారు కూడా.

1911లో చట్టాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. స్టువర్టుపురంలో ఎక్కువగా ఉండే ఎరుకల వాళ్లు అంతకుముందు ఏం చేసేవాళ్లో గుర్తు చేసుకోవాలి. గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్లకు చేర్చి, అక్కడి నుంచి ధాన్యం తెచ్చేవాళ్లు. బుట్టలు అల్లేవాళ్లు, సోది చెప్పేవాళ్లు. రైలు వచ్చింది, ఉప్పు సర్కారు చేతిలోకి పోయింది, అడవి మీద ఆంక్షలు వచ్చాయి. బతుకుతెరువు పోయాక కొందరు చేసిన దొంగతనాలను మొత్తం జాతి గుణం అన్నారు. వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు, ఊరు దాటాలంటే పాసు ఉండాలన్నారు. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించి, వీళ్లను నిఘాలో ఉంచడానికి కట్టించిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువార్ట్ పేరు పెట్టారు. చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. పేరూ మిగిలింది, అనుమానమూ మిగిలింది.

పుట్టుకకు అసలు పాత్రే లేదని నేను అనను. కోపం మనతోనే పుడుతుంది. ఏ అంగన్‌వాడీలోనైనా ఓ గంట కూర్చుంటే తెలుస్తుంది. బొమ్మ కోసం పక్కవాడి జుట్టు పట్టి గుంజేది, భుజం కొరికేది, తోసేసి తనే ఏడ్చేది రెండేళ్ల పిల్లలే. కలెక్టరు గారి మనవడైనా అంతే, కూలీ కూతురైనా అంతే. కెనడాలో రిచర్డ్ ట్రెంబ్లే అనే శాస్త్రవేత్త పిల్లలను ఏళ్ల తరబడి గమనించి చెప్పిందీ ఇదే: కొట్టడం, కరవడం రెండు మూడేళ్ల వయసులో అన్నిటికంటే ఎక్కువగా ఉండి, ఆ తర్వాత చాలామందిలో తగ్గుతూ వస్తాయి. తగ్గించుకోవడం పక్కనున్న పెద్దల వల్ల నేర్చుకుంటారు. పెద్దలు కొట్టి చూపిస్తే అదీ నేర్చుకుంటారు. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ బండూరా 72 మంది చిన్నపిల్లలతో చేసిన ప్రయోగంలో, ఒక పెద్దమనిషి గాలి బొమ్మను చితకబాదడం చూసిన పిల్లలు అవే దెబ్బలు, అవే మాటలు తిరిగి చేసి చూపించారు.

జన్యువుల సంగతికి వస్తే న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన పిల్లలను పెద్దయ్యేదాకా పరిశీలించి, 2002లో ఒక ఫలితం ప్రకటించారు. ఎంఏఓఏ అనే జన్యువు తక్కువగా పనిచేసే మగపిల్లల్లో, చిన్నతనంలో హింసకు గురైనవాళ్లే ఎక్కువగా దౌర్జన్యం వైపు వెళ్లారు. అదే జన్యువుతో పుట్టి ఇంట్లో బాగా పెరిగినవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. పైగా ఈ రకం జన్యువు ప్రపంచంలో అన్ని జనాల్లోనూ ఉంది. అది కులం చూసి రాదు. యుద్ధం, హింస మనిషి స్వభావంలో రాసిపెట్టి ఉన్నాయనడం శాస్త్రీయంగా తప్పని 1986లో స్పెయిన్‌లోని సెవిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటన చేస్తే, 1989లో యునెస్కో దాన్ని ఆమోదించింది.

ఇప్పుడు స్టువర్టుపురంలో ఒక పిల్లను ఊహించుకోండి. ఎక్కడో చోరీ జరిగితే అర్ధరాత్రి తలుపు బాదుతారు. తండ్రిని చొక్కా పట్టి లాక్కెళ్తారు. రెండ్రోజుల తర్వాత వాపులతో తిరిగి వస్తాడు, కేసు ఉండదు. ఆ పిల్ల ఏం నేర్చుకుంటుంది? బండూరా గదిలో పిల్లలు నేర్చుకున్నదే. రేపు వాళ్లలో ఎవరైనా తిరగబడితే 'చూశారా, వీళ్ల బుద్ధే అంత' అంటాం. హింసను అలా మనమే నీళ్లు పోసి పెంచుతున్నాం మంత్రి గారూ.

నా దగ్గర చదువుకున్న అక్కడి కుర్రాడొకడు డిగ్రీ అయ్యాక ఉద్యోగం అప్లికేషన్‌లో సొంత ఊరి పేరు రాయలేకపోయాడు. వెరిఫికేషన్‌లో ఏమవుతుందోనన్న టెన్షన్‌తో మేనమామ ఇంటి అడ్రసు రాశాడు. వాడి మీద ఒక్క కేసు లేదు, వాళ్ల నాన్న మీదా లేదు.

మనిషి మారతాడనడానికి సాక్ష్యం కోసం విదేశాలకు పోనక్కర్లేదు. 1970లలో నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి అబ్బాయి లవణం, కవి జాషువా గారి అమ్మాయి హేమలత స్టువర్టుపురం వెళ్లి, జనంతో కలిసి కూర్చుని, పిల్లల్ని బడికి పంపించి, నేరం వదిలినవాళ్లకు బతుకుతెరువు కోసం ప్రభుత్వంతో మాట్లాడారు. ఎంతోమంది పాత జీవితం వదిలేశారు. రక్తంలో ఉన్న గుణమైతే మాటకు, మర్యాదకు, ముక్కచెక్క పొలానికి పోయేదా?

మీ చేతిలో ఉన్న పనులే అడుగుతున్నాను. మొదటిది, 1962 నాటి ఆంధ్రప్రదేశ్ అలవాటు నేరస్థుల చట్టాన్ని రద్దు చేయించండి. కాగితం మీద అది కులం పేరెత్తదు, ఒక మనిషికి ఎన్నిసార్లు శిక్ష పడిందన్న లెక్కే చూస్తుంది. కానీ ఇలాంటి చట్టాలు రాష్ట్రాల్లో పాత నేరస్థ జాతుల చట్టం ఖాళీ చేసిన కుర్చీలోనే వచ్చి కూర్చున్నాయి. వీటిని తీసేయమని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లోనే చెప్పింది, సంచార జాతుల, విముక్త జాతుల (ఆ పాత చట్టం ముద్ర తొలగిన జాతుల) కోసం కేంద్రం వేసిన రెన్కే కమిషన్ కూడా 2008లో చెప్పింది. సంచార జాతులవాళ్లకు పారిపోయే గుణం సహజంగా ఉంటుందని పశ్చిమ బెంగాల్ జైలు నిబంధనల్లో రాసి ఉన్న మాటను సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3 తీర్పులో తప్పుపట్టింది. విముక్త జాతుల వాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయొద్దని పోలీసులకు అందులోనే చెప్పింది.

రెండోది హిస్టరీ షీట్లు, సస్పెక్ట్ షీట్లు, అంటే నిఘా పెట్టాల్సినవాళ్లని పోలీసులు స్టేషన్లో ఉంచుకునే రికార్డులు. వెనకబడిన వర్గాలవాళ్లనే కారణంతో అమాయకుల పేర్లు యాంత్రికంగా ఎక్కించడం మీద అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు ఆందోళన చెప్పి, తమ విధానాన్ని తిరిగి చూసుకోమని రాష్ట్రాలను కోరింది. బాపట్ల, నెల్లూరు జిల్లాల్లో పాత సెటిల్‌మెంట్లున్న స్టేషన్లతో ఆ పని మొదలుపెట్టించండి. ఏళ్లుగా ఏ కేసూ లేనివాళ్ల షీట్లు మూసేసి, మూసినట్టు ఆ మనిషి చేతికి కాగితం ఇప్పించండి. నోటిమాట చాలదు, ఎస్సై మారితే మాట మారుతుంది.

ఇక ప్రెస్‌మీట్లు. నిందితుడి కులం, అతని ఊరికున్న పాత పేరు పోలీసు నోట్‌లో రాయొద్దని డీజీపీ గారి నుంచి ఒక్క మెమో వెళితే సరిపోతుంది. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, శాసనసభ సమావేశాల కోసం ఆగాల్సిన పనీ లేదు. ఈ వారమే చేయవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చీరాల