దగ్గాలంటే భయపడే తల్లుల కోసం: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారములు.

విజయనగరం జిల్లా పల్లెల్లో ఏఎన్ఎంగా 31 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. దగ్గినా, తుమ్మినా, నీళ్ల బిందె ఎత్తినా మూత్రం పడిపోవడమనే బాధను ఇన్నేళ్లలో ఎందరో ఆడవాళ్లు నా చెవిలో చెప్పుకున్నారు గానీ, దాన్ని రాయడానికి నా రిజిస్టరులో గడి లేదు.

గజపతినగరం వైపు ఒక ఊళ్లో ముగ్గురు పిల్లల తల్లి, పాత చీర ముక్కను నాలుగు మడతలు పెట్టి లోపల కట్టుకుని ఊడ్పులకు వెళ్లేది, బస్సులో సీటు ఖాళీగా ఉన్నా తడి అంటుతుందని నిలబడే వచ్చేది, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి రావడం పూర్తిగా మానేసింది. గర్భసంచి తీసేస్తే తగ్గిపోతుందని ఒక ఆసుపత్రిలో చెబితే అప్పు చేసి తీయించుకుంది. తగ్గలేదు. లోపం గర్భసంచిలో లేదు. మూత్రనాళాన్ని కింద నుంచి పట్టి ఉంచే కండరాలు, పొరలు సడలడంలో ఉంది.

ముందుగా చేయవలసింది ఆపరేషన్ కాదు. మూత్రనాళాన్ని పట్టి ఉంచే ఆ కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాన్ని ఫిజియోథెరపిస్టు దగ్గరుండి నేర్పి, కనీసం 3 నెలలు చేయిస్తే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. మూత్రం హఠాత్తుగా తోసుకొచ్చి ఆగని జబ్బు వేరు, దానికి మందులున్నాయి. ఈ రెంటినీ తేల్చకుండా కత్తి పట్టకూడదు.

వ్యాయామంతో లొంగనప్పుడు దారులు ఒకటి కాదు. మూత్రనాళం కింద సన్నని ప్లాస్టిక్ వల టేపును ఊయలలా అమర్చవచ్చు. కోత చిన్నది, త్వరగా కోలుకుంటారు. అయితే ఆ టేపు శరీరంలో శాశ్వతంగా ఉండిపోతుంది, కొందరిలో యోని లోపలి పొరను ఒరుసుకుని బయటపడుతుంది, విడవని నొప్పి పెడుతుంది, తీయబోతే పూర్తిగా రాకపోవచ్చు. బ్రిటన్‌లో 2018 జులైలో కొద్ది కేసులకు తప్ప ఈ ఆపరేషన్లను నిలిపివేయడానికి అక్కడి మహిళల ఫిర్యాదులే కారణం. టేపు వద్దనుకున్నవారికి పొత్తికడుపు కండరం పైపొర నుంచి తీసిన పట్టీతోనే ఊయల కట్టవచ్చు, లేదా మూత్రాశయం మెడ పక్క కణజాలాన్ని కుట్లతో పైకెత్తి నిలపవచ్చు. వీటిలో గాయం పెద్దది, కొందరికి కొన్నాళ్లు మూత్రం సాఫీగా రాదు. మూత్రనాళం గోడలోకి ఇచ్చే ఇంజెక్షను తేలికైనదే గానీ, దాని ఫలితం ఎక్కువ కాలం నిలవక మళ్లీ చేయించుకోవలసి రావచ్చు.

ఇవన్నీ మన తెలుగులో, సంతకం పెట్టే ముందు, తీరిగ్గా చెప్పించుకోవడం ఆమె హక్కు. కాబట్టి విజయనగరం, శ్రీకాకుళం జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇందుకు వారానికొక రోజు ఓపీ పెట్టించండి. అక్కడ మహిళా ఫిజియోథెరపిస్టును, తలుపు మూసుకునే పరీక్ష గదిని ఏర్పాటు చేయండి. టేపు వేసిన ప్రతి మహిళ చేతికీ అది ఏ రకమో, ఎప్పుడు వేశారో రాసిన కార్డు ఇప్పించండి. పిల్లలు చాలనుకోని వారికి తొందరపడి ఆపరేషన్ చేయవద్దని ఆదేశించండి.

ఏఎన్ఎం రిజిస్టరులో బీపీ, షుగరు పక్కన మరొక గడి గీయించండి: "దగ్గితే మూత్రం పడుతోందా అమ్మా?" నేను అడగని ఆ మాటను నా తర్వాత వచ్చిన పిల్లలైనా ఇంటింటా అడుగుతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్ఎం,
విజయనగరం జిల్లా