ఆయన అబద్ధాలాడటం లేదు, మంత్రి గారూ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా ఆయనకు మెదడులో రక్తనాళం ఉబ్బి పగిలింది. అన్యూరిజం అన్నారు. రక్తనాళం లోపలి నుంచి సన్నని తీగ చుట్టలతో ఆ ఉబ్బును పూడ్చి (కాయిలింగ్ అంటారు) బతికించారు. ఆ డాక్టర్లకు ఎప్పటికీ రుణపడి ఉంటాం. నేను రాసేది ఇంటికొచ్చాక జరిగిన దాని గురించి.

వచ్చిన నాలుగో రోజు, "ఆఫీసుకెళ్లి ఇప్పుడే వచ్చాను" అన్నారు. అసలు మంచమే దిగలేదు. అక్కడ ఎవరు కలిశారో, ఏమన్నారో కూడా చెప్పారు. మొదట నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. "ఎందుకిలా అబద్ధాలు చెబుతారు?" అని అరిచాను కూడా. పాపం, బిక్కమొహం వేసి చూసేవారు.

పగిలింది మెదడు ముందు భాగంలో, రెండు రక్తనాళాలను కలిపే చిన్న నాళం దగ్గర. అక్కడ దెబ్బతింటే జ్ఞాపకాల్లో ఖాళీలు పడొచ్చట. వాటిని మెదడే కల్పనతో పూడుస్తుంది, మనిషికి ఆ సంగతి తెలియదు. దీన్ని కన్‌ఫాబ్యులేషన్ అంటారని రెండు నెలలకు గానీ మాకు తెలియలేదు. ఆ రెండు నెలలూ ఆయన్ని తిట్టాను.

చూపు మసకబారితే కళ్లజోడు మార్చాం. తీరా చూస్తే మెదడులో రక్తస్రావం వల్ల కంటి లోపల కూడా రక్తం చేరింది, దీన్ని టెర్సన్ సిండ్రోమ్ అంటారట. ఆ తర్వాత కాళ్లు నేలకు అతుక్కున్నట్టు నడవడం, తెలియకుండా మూత్రం పోవడం మొదలైంది. "ఇక ఇంతే" అన్నారు బంధువులు. మెదడులో నీరు చేరిందని స్కాన్‌లో తేలింది. ఆ నీటిని మళ్లించే సన్నని గొట్టం (షంట్) వేశాక మళ్లీ నడిచారు. బంధువుల మాట విని ఊరుకుంటే ఏమయ్యేదో!

డిశ్చార్జి కాగితంలో, మెదడుకు రక్తం తగ్గి దెబ్బతినకుండా కాపాడే నిమోడిపిన్ మాత్ర 4 గంటలకోసారి, 21 రోజులు నిండేదాకా అని రాశారు. అలారం పెట్టుకుని అర్ధరాత్రి లేచి మరీ వేశాను, ఒక్క పూట తప్పలేదు. చెప్తే చేస్తామండీ. మిగతావి ఎవరూ చెప్పలేదు, అంతే.

అందుకే అడుగుతున్నాను. అన్యూరిజం పగిలి బతికిన ప్రతి ఒక్కరికీ ఇంటికి పంపేముందు కంటి పరీక్ష, జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. జ్ఞాపకశక్తి పరీక్ష కొన్ని నెలలకు మరోసారి జరగాలి. మనిషి తీరు మారొచ్చని, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలో ఇంట్లోవాళ్లకు అర్థమయ్యే తెలుగులో ఒక పేజీ రాసివ్వమని ఉత్తర్వు ఇవ్వండి. ఆ పేజీ రోగి చేతికి కాదు, తోడున్న వాళ్ల చేతికివ్వాలి. మా ఆయనకిస్తే ఎక్కడ పెట్టారో గుర్తుండదు.

ఇట్లు,
ఒక రోగి భార్య