హెడ్డింగ్‌లో జారిపోయిన మాట

చిట్టితల్లీ,

నీ పేరుతో వచ్చిన మొదటి క్రైమ్ వార్త అమ్మ రెండుసార్లు చదివించుకుంది. నాకూ చాలా సంతోషమేసింది. కానీ ఇన్నేళ్లు డెస్క్‌లో కాపీలు దిద్దినవాణ్ణి, ఒక విషయం చెప్పకుండా ఉండలేను.

లోపల "దొంగిలించినట్లు పోలీసులు చెబుతున్నారు" అని జాగ్రత్తగానే రాశావు. హెడ్డింగ్ మాత్రం "ఫోన్లు దొంగిలించిన యువకుడి అరెస్టు". టీకొట్టు దగ్గర పేపరు తిరగేసేవాళ్లు చాలామంది హెడ్డింగ్‌తోనే ఆగిపోతారమ్మా. "ఫోన్ల చోరీ కేసులో యువకుడి అరెస్టు" అంటే సరిపోయేది, చోటూ ఎక్కువ పట్టదు. అరెస్టు జరిగింది, నిజం. దొంగ అతనేనా అన్నది కోర్టు తేల్చాలి. అప్పటిదాకా అతను నిందితుడే, దోషి కాదు.

"నేరం అంగీకరించాడు" అని కూడా రాశావు. ఎవరి దగ్గర? పోలీసు అధికారి దగ్గర ఒప్పుకున్న మాట కోర్టులో అతని మీద రుజువుగా చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ అదే చెప్పింది, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. కోర్టే లెక్కలోకి తీసుకోని మాటను మనం పాఠకుల చేత నమ్మించడం అన్యాయం. "అంగీకరించాడని సీఐ తెలిపారు" అని రాయి. వీలైతే అతని ఇంటివాళ్లనో లాయర్‌నో కూడా అడుగు.

"తెలిసింది", "విశ్వసనీయ సమాచారం" అని తగిలిస్తే సేఫ్ అనుకోకు. ఎవరు చెప్పారో తెలియని మాటకు ఎవరూ జవాబుదారీ కారు. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను 1994లో కేరళ పోలీసులు గూఢచర్యం కేసులో అరెస్టు చేసినప్పుడు, రాకెట్ రహస్యాలు అమ్ముకున్నారంటూ పత్రికలు కథలు కథలుగా రాశాయి. 1996లో సీబీఐ ఆ ఆరోపణల్లో నిజం లేదని తేల్చింది. ఆయనకు 50 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2018 వచ్చింది. అన్నేళ్లు ఆ కుటుంబం ఎంత నలిగిపోయిందో తలుచుకుంటే, మన వృత్తి మీద నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఈ అబ్బాయి కేసు నంబరు, ఏ కోర్టో డైరీలో రాసిపెట్టుకో. తీర్పు వచ్చిన రోజు, అతను నిర్దోషి అయితే, ఇవాళ్టి వార్తకు ఇచ్చినంత చోటే దానికీ ఇమ్మని మీ ఇన్‌చార్జిని అడుగు. ఒప్పుకోకపోతే మళ్లీ అడుగు.

వేళకు తిను.

నాన్న