తాళపత్రాల వయసు తేల్చాల్సింది కొనేవాళ్లు కాదు

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో అటక మీదో దేవుడి గూట్లోనో తాళపత్రాల కట్టలు ఉన్న ఇళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. వైద్యుల ఇళ్లు, పురోహితుల ఇళ్లు, కరణాల ఇళ్లే కాదు, భాగవతం చదివించుకుని విన్న రైతుల ఇళ్లు కూడా. పాత సామాన్లు కొంటామంటూ తిరిగేవాళ్ల కళ్లు ఇప్పుడు వీటి మీద పడ్డాయి. ఒక ఇంట్లో ‘ఇది వెయ్యేళ్ల నాటిది, లక్షలు పలుకుతుంది, ముందు పరీక్ష ఖర్చులు కట్టండి’ అంటారు. ఇంకో ఇంట్లో ‘ఇది ఎవరో చూసి రాసుకున్న ప్రతి, దీనికేం విలువ ఉంటుంది’ అని నాలుగు వందలు చేతిలో పెడతారు. మా బంధువుల ఇంట్లో రెండో మాట చెప్పి ఒక వైద్య గ్రంథం కట్ట పట్టుకుపోయారు. అందులో ఏముందో ఇక ఎప్పటికీ తెలియదు.

ఈ రెండు మాటలూ అబద్ధాలే. మన కోస్తా తేమకీ పురుగులకీ తాటాకు మూడు నాలుగు వందల ఏళ్లకు మించి నిలవడం అరుదు. అందుకే ఆకు శిథిలమయ్యే లోపు కొత్త ఆకుల మీదకు ఎత్తి రాసుకునేవారు. పోతన 15వ శతాబ్దం వాడైనా మన ఇళ్లలోని భాగవతం కట్టలు ఎక్కువగా 18, 19 శతాబ్దాల రాతలే. అంతమాత్రాన అవి నకిలీలు అయిపోవు. ‘యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా’ అని లేఖకుడే చివర్లో చెప్పుకునేవాడు. చూసింది చూసినట్టు రాశాను, తప్పొప్పులకు బాధ్యత నాది కాదని దాని భావం. తేల్చాల్సిందల్లా ఈ రాత ఏ కాలంలో, ఎక్కడ, ఎవరి చేత జరిగిందన్నదే.

అది తేల్చడానికి దారులున్నాయి. అన్నిటికన్నా నమ్మకమైన సాక్షి పురుగే. పురుగు ఒక కమ్మతో, అంటే ఒక తాటాకుతో ఆగదు, కట్టలో వరసగా ఉన్న ఆకులన్నిటినీ తొలుచుకుంటూ పోతుంది. కాబట్టి రంధ్రాలు ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకి కలవాలి, అక్షరాలను కూడా తినేసి ఉండాలి. అక్షరాలు రంధ్రాన్ని తప్పించుకుని పక్కనుంచి పోతున్నాయంటే పాత ఖాళీ ఆకు మీద ఈమధ్య రాశారన్నమాట. తాడు కోసం పెట్టిన బెజ్జం దగ్గర ఇది తిరగబడుతుంది. లేఖకుడు దాని చుట్టూ చోటు వదిలి రాస్తాడు, అక్షరాల నడుమ నుంచి బెజ్జం దూసుకుపోయిందంటే అనుమానించాలి. గంటంతో గీసి మసి పట్టించిన రాతలో నలుపు గీతల లోపల ఉంటుంది. కలంతో సిరా పెట్టి గీసింది ఆకు పైపైనే ఉంటుంది. భూతద్దం చాలు ఈ తేడా పట్టడానికి.

రాత తీరు కూడా చెబుతుంది. పాత తెలుగు కట్టల్లో మాటల మధ్య ఖాళీ ఉండదు, పద్యాన్ని పాదాలుగా విడగొట్టరు, వలపలగిలక (హల్లుకు ముందు పలికే రకారానికి పెట్టే పాత గుర్తు) కనిపిస్తుంది, ఎ, ఏ అక్షరాల తేడా తరచూ చూపరు. అచ్చుపుస్తకంలా కామాలూ ఖాళీలూ పెట్టిన ‘మూడు వందల ఏళ్ల’ తాళపత్రాన్ని నేనైతే నమ్మను. కాగితం దస్తావేజులైతే ఎండకు ఎత్తి చూడాలి, దొరల కాగితంలో నీటిగుర్తు ఉంటుంది, కొన్నిటిలో సంవత్సరం కూడా. కృత్రిమ ఊదారంగు కనుక్కున్నదే 1856లో. అలాంటి సిరాతో రాసిన కాగితం బొబ్బిలి యుద్ధం నాటిది ఎలా అవుతుంది?

తేదీ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న, ధాత నామ సంవత్సరంలో జరిగింది. చివరి కమ్మ మీద ‘ధాత’ అని ఉండగానే కట్ట ఆనాటిదని సంబరపడకూడదు. అదే పేరు 1816లో, 1876లో, 1936లో మళ్లీ వచ్చింది. తిథీ వారమూ కూడా ఉంటే పంచాంగ గణితంతో సరిచూడొచ్చు, 1922లో స్వామికన్ను పిళ్లై వేసిన పట్టికలు ఇందుకే పనికొస్తాయి. ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు కట్టల్లో అంకం లెక్క కూడా తగలొచ్చు. ఒడిశా గజపతి రాజుల రాజ్యవర్షాల లెక్క అది. అందులో ఒకటో అంకం ఉండదు, ఆరుతో ముగిసేవీ, పది తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. అంటే 35వ అంకం అసలు 29వ సంవత్సరం. ఆ ప్రాంతంలోనే ఒడియా లిపి కట్టలను చూపించి అశోకుడి కాలపు ‘బ్రాహ్మీ లిపి’ అని బేరం పెట్టేవాళ్లూ ఉన్నారు. చదవలేని ప్రతి లిపీ బ్రాహ్మీ కాదు.

ల్యాబ్‌లో కార్బన్ పరీక్ష చేస్తే తేలిపోతుందని కొందరి నమ్మకం. ఆ పరీక్ష ఆకు వయసు చెబుతుంది కానీ రాత వయసు చెప్పదు. పైగా గత మూడు నాలుగు వందల ఏళ్ల కాలానికి ఒకే ఫలితం రెండు మూడు వేర్వేరు కాలాలకు సరిపోతుంది. మన కట్టల్లో ఎక్కువ భాగం ఆ కాలానివే.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం, చారిత్రక, సాహిత్య విలువ ఉన్న చేతిరాత ప్రతికి 75 ఏళ్లు నిండితే అది పురావస్తువే. ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయడం, సొంతంగా దేశం దాటించడం నేరం. ఈ సంగతి గ్రామ సచివాలయంలో ఒక బోర్డు మీద రాసి పెట్టినా కొనేవాళ్ల నోటికి కొంత తాళం పడుతుంది.

కోటికి పైగా చేతిరాత ప్రతులను గుర్తించి భద్రపరుస్తామని 2025 కేంద్ర బడ్జెట్‌లో జ్ఞాన భారతం మిషన్ ప్రకటించారు. ఆ పని మన పల్లెల దాకా రావాలి. రెండు జిల్లాల కలెక్టర్లకు నా మనవి ఇది. ప్రతి డివిజన్‌లో ఏడాదికి ఒకసారైనా శిబిరం పెట్టండి. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి, విజయనగరం సంస్కృత కళాశాల నుంచి లిపి చదవగలవారిని రప్పించండి, సరిహద్దు మండలాలకు ఒడియా తెలిసినవారిని కూడా. కట్టను ఇంటివాళ్ల ఎదుటే విప్పి, ఫొటోలు తీసి, వివరాలు రాసిచ్చి, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. ‘ప్రభుత్వం పట్టుకుపోతుంది’ అన్న భయం పోకపోతే ఎవరూ అటక దించరు. అప్పటిదాకా ఇంట్లో కట్టలున్నవాళ్లు వాటికి నూనె పూయొద్దు, లామినేషన్ చేయించొద్దు, పూజలో పసుపు కుంకుమ ఆకుల మీద వేయొద్దు. మొదట చెరిగిపోయేవి పైనా కిందా ఉన్న కమ్మలే, రాసినవాడి పేరూ తేదీ ఉండేది ఎక్కువగా ఆ చివరి కమ్మ మీదే.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా