ట్రిపుల్ ఆప్షన్‌ను నేర్పే తీరులోనే తేడా

సంపాదక మహాశయా,

మీ క్రీడా పేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ మీద వచ్చిన వ్యాసం ట్రిపుల్ ఆప్షన్‌ను, అంటే బంతి ముగ్గురిలో ఎవరి దగ్గర ఉండాలో ఆట నడుస్తుండగానే తేల్చుకునే పద్ధతిని, కాలం చెల్లినదిగా తేల్చేసింది. బంతి మాటిమాటికీ చేజారడం దాని స్వభావమేనని కూడా రాశారు. ఈ రెండో మాట సరికాదు. ఆప్షన్‌లో బంతి పదే పదే జారుతోందంటే లోపం నేర్పిన తీరులో ఉంది. ప్లేబుక్‌లో ఉన్న పాతిక ఆటలకు దీన్ని ఇంకొకటిగా చేర్చి, వారానికి ఒక పూట సాధన చేయించే కోచ్‌కు ఇది ఏనాడూ కలిసిరాదు.

ఎదుటి జట్టులో ఇద్దరిని కావాలనే అడ్డుకోకుండా వదిలేయడం దీనికి మూలం. మొదటివాణ్ని చూసి క్వార్టర్‌బ్యాక్ (బంతిని మొదట అందుకుని ఆటను నడిపేవాడు) దాన్ని ఫుల్‌బ్యాక్‌కు (తన వెనక నిలబడే పరుగువీరుడికి) ఇవ్వాలో, తానే ఉంచుకోవాలో నిర్ణయిస్తాడు. ఉంచుకుంటే రెండోవాణ్ని చూసి తానే పరుగెత్తుతాడు, లేదా వెంట వచ్చే స్లాట్‌బ్యాక్‌కు (లైన్ అంచున నిలబడే పరుగువీరుడికి) పిచ్ చేస్తాడు, అంటే బంతిని పక్కకు, వెనక్కి విసురుతాడు. ఆ ఇద్దరి కోసం ఖర్చు కావాల్సిన బ్లాకర్లు మిగిలిపోయి, ఎదుటి జట్టు ముందు వరుస వెనక ఉండే లైన్‌బ్యాకర్ల మీదికి, అందరికన్నా వెనక ఉండే సేఫ్టీ మీదికి వెళ్తారు. ఒడ్డూపొడుగులో తీసికట్టు జట్లు తమకన్నా బలమైనవాళ్లను నిలువరించేది ఈ లెక్కతోనే. 1968లో కోచ్ ఎమొరీ బెలార్డ్ రూపొందించిన విష్‌బోన్‌తో (క్వార్టర్‌బ్యాక్ వెనక ముగ్గురు పరుగువీరులు నిలబడే ఆప్షన్ వ్యూహం) టెక్సస్ విశ్వవిద్యాలయ జట్టు వరుసగా 30 మ్యాచ్‌లు గెలిచింది. 1971లో ఓక్లహోమా విశ్వవిద్యాలయ జట్టు అదే పద్ధతిలో మ్యాచ్‌కు సగటున 472.4 గజాలు పరుగు మీదే సాధించింది. అదంతా పాతకాలం అనేవాళ్లు 2024లో ఆర్మీ (అమెరికా సైనిక అకాడమీ) జట్టును చూడాలి. ఆప్షన్ ఆటను వదలని ఆ జట్టు తన చరిత్రలో తొలి కాన్ఫరెన్స్ (కాలేజీ జట్ల కూటమి) టైటిల్ గెలిచింది ఆ ఏడాదే.

ఇక అసలు విషయం మెష్, అంటే క్వార్టర్‌బ్యాక్, ఫుల్‌బ్యాక్ ఇద్దరి చేతులూ ఒకే బంతి మీద ఉండే ఆ అర సెకను. ఫ్లెక్స్‌బోన్‌లో (విష్‌బోన్ నుంచి వచ్చిన, ఒక ఫుల్‌బ్యాక్, ఇద్దరు స్లాట్‌బ్యాక్‌లు ఉండే వ్యూహం) ఫుల్‌బ్యాక్ బంతికి 4 నుంచి 5 గజాల వెనక నిలబడతాడు. ముందు వరుసలో ఉండే లైన్‌మెన్ మధ్య ఎడం దాదాపు 3 అడుగులు. ఇన్‌సైడ్ వీర్‌లో (పైన చెప్పిన ట్రిపుల్ ఆప్షన్ ఆటలో) క్వార్టర్‌బ్యాక్ మొదటి అడుగు, రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడే గీతకు దూరంగా, ఏటవాలుగా, ఆట నడిచే వైపు కాలితో పడాలి. ఆ అడుగు గీతకు సమాంతరంగా పడితే ఫుల్‌బ్యాక్ దారికి తానే అడ్డొస్తాడు. వాడు పక్కకు వంగి పరుగెత్తాల్సి వస్తుంది, గార్డ్ (లైన్ మధ్యనుండే సెంటర్‌కు పక్కవాడు) బయటి కాలి మీద ఉండాల్సిన గురి తప్పుతుంది. చాలా ఫంబుల్స్‌కు (బంతి చేజారడాలకు) బీజం ఈ ఒక్క అడుగులోనే ఉంటుంది. కోచ్‌లు మాత్రం చేతుల్నే చూస్తూ కూర్చుంటారు.

అడుగు పడుతుండగానే రెండు చేతులతో బంతిని ఫుల్‌బ్యాక్ వైపు వెనక్కి చాచాలి. కళ్లు బంతి మీద ఉండకూడదు, డైవ్ కీ మీద ఉండాలి. డైవ్ కీ అంటే మనం అడ్డుకోకుండా వదిలేసిన మొదటివాడు: మన టాకిల్ (గార్డ్‌కు బయటివైపు ఉండే లైన్‌మన్) ఎదుటగానీ అతనికి బయటగానీ నిలబడ్డ మొదటి డిఫెన్సివ్ లైన్‌మన్. సూత్రం ఒకటే: ఇవ్వడమే నియమం, అతను ఫుల్‌బ్యాక్‌ను పట్టగలడనిపిస్తేనే వెనక్కి లాక్కోవాలి. 'చూసి తేల్చుకో' అని నేర్పితే కుర్రాడు తటపటాయిస్తాడు, ఆ తటపటాయింపులోనే బంతి జారుతుంది. బంతిని ఫుల్‌బ్యాక్‌తోపాటు తన ముందు కాలి దాకా మాత్రమే తీసుకెళ్లాలి. అది దాటాక లాగితే ఇద్దరూ పెనుగులాడినట్టే. ఫుల్‌బ్యాక్ బంతిని మెత్తగా ఒడిసి పట్టాలేగానీ బిగించకూడదు. అది తనదా కాదా అని నిర్ణయించేది అతను కాదు. క్వార్టర్‌బ్యాక్ చేతులు వదిలేశాకే బిగించాలి.

దీన్ని నేర్పడానికి పదకొండు మంది అక్కర్లేదు. సెంటర్ (బంతిని వెనక్కి అందించేవాడు), క్వార్టర్‌బ్యాక్, ఫుల్‌బ్యాక్, కీ స్థానంలో ఒక కోచ్ చాలు. సాధన మొదలవగానే రోజూ పది నిమిషాలు కేటాయించాలి. కీగా నిలబడే కోచ్ ముందే కదలకూడదు. బంతి ఫుల్‌బ్యాక్ పొట్ట దగ్గరికి చేరే వేళకే లోపలికి దూకాలి, లేదా బయటికి జరగాలి. ముందే కదిలితే కుర్రాడు కీని చదవడు, ఊహించడం నేర్చుకుంటాడు. మ్యాచ్‌లో ఆ ఊహ తప్పుతుంది.

పిచ్ దగ్గర లోపాలు వేరు. స్లాట్‌బ్యాక్ క్వార్టర్‌బ్యాక్‌కు 4 గజాల ఎడంగా, ఒక గజం వెనగ్గా ఉండాలి. మోషన్ (ఆట మొదలవబోతుండగా అతను కదలడం) ఆలస్యమైతే అతను వెనకబడతాడు, తొందరైతే ముందుకొచ్చేస్తాడు. వెనక్కి వేసిన బంతి నేల తాకినా ఆట ఆగదు, ఎవరైనా ఎత్తుకోవచ్చు. కాబట్టి ఈ దూరం విషయంలో చూసీచూడనట్టు పోవడం కుదరదు. క్వార్టర్‌బ్యాక్ పిచ్ కీ (అడ్డుకోకుండా వదిలేసిన రెండోవాడు) లోపలి భుజం మీదికే నేరుగా పరుగెత్తాలి. పక్కకు తేలిపోతే ఆ ఒక్క డిఫెండరే ఇద్దరినీ కాచుకోగలుగుతాడు. పిచ్ చేసేటప్పుడు స్లాట్‌బ్యాక్ వైపు అడుగు వేసి, బొటనవేలు కిందికి తిరిగేలా బంతిని వదలాలి. అడుగు వేయకుండా మణికట్టుతో విసిరిన బంతి గాల్లో తేలి పోతుంది.

తెలివైన డిఫెన్స్ మనం కీని చదివే లెక్కను తారుమారు చేస్తుంది. ఎండ్ (వాళ్ల లైన్ చివరివాడు, మన డైవ్ కీ) ఫుల్‌బ్యాక్ మీదికి దూకుతాడు, అతని వెనక నుంచి లైన్‌బ్యాకర్ బయటికి జారి క్వార్టర్‌బ్యాక్ ముందు ప్రత్యక్షమవుతాడు. ఇది తెలియని క్వార్టర్‌బ్యాక్ బంతి లాక్కుని సరాసరి వాడి చేతుల్లో పడతాడు. ఎండ్ దూకగానే కళ్లు వెంటనే బయటికి తిప్పాలి, ఎదురొచ్చే లైన్‌బ్యాకర్‌నే పిచ్ కీగా తీసుకుని బంతిని త్వరగా వదిలేయాలి. అదే ఎత్తు మళ్లీ మళ్లీ వేస్తే స్లాట్‌బ్యాక్‌నే ఆ లైన్‌బ్యాకర్ మీదికి పంపాలి. లేదంటే మిడ్‌లైన్ అనే ఆట ఆడి, గార్డ్ ఎదుట ఉన్న లైన్‌మన్‌నే వదిలేసి కీగా మార్చుకోవాలి. కీ ఎవరన్నది మారినప్పుడల్లా టాకిల్ వెళ్లాల్సిన దారి కూడా మారుతుందని లైన్ కోచ్ గుర్తుంచుకోవాలి. ఇది పట్టించుకోకుండా ఆవేశంలో ఆటలు కలిపేసే కోచ్‌లు ఇక్కడే దెబ్బతింటారు.

నిబంధనల మార్పునూ మీ వ్యాసం ప్రస్తావించలేదు. 2022 నుంచి కాలేజీ ఫుట్‌బాల్‌లో టాకిల్ బాక్స్ (సెంటర్‌కు ఇరువైపులా ఉండే మధ్య ప్రాంతం) బయట నడుము కింద బ్లాక్ చేయడం నిషేధం. బయట స్లాట్‌బ్యాక్ డిఫెండర్ కాళ్ల మీద పడి పడగొట్టే పాత పద్ధతి దాంతో పోయింది. ఇప్పుడు నిలబడి, చేతులతో పట్టి నిలిపే బ్లాక్ నేర్పాలి. దీనికి ఎక్కువ సమయం పడుతుంది. పిచ్ తీసుకున్నవాడికి దొరికే సందు కూడా మునుపటికన్నా చిన్నదే. ఇది నిజంగా ఎదురయ్యే కష్టం, దీని గురించి రాస్తే పాఠకులకు ఉపయోగం ఉండేది.

చివరగా, ఈ ఆటలో క్వార్టర్‌బ్యాక్ బంతి వదిలాక కూడా దెబ్బ తింటాడు, కాబట్టి ఏదో ఒక వారం అతను ఆడలేకపోవడం దాదాపు ఖాయం. మెష్ సాధనలో రెండో క్వార్టర్‌బ్యాక్‌కు మొదటివాడితో సమానంగా వంతులు ఇవ్వాలి. అదీ సీజన్ మొదలవకముందు నుంచే, అదే ఫుల్‌బ్యాక్‌తో, అదే సెంటర్‌తో.

ఇట్లు,
ఒక పాఠకుడు